తెలిసే తింటారు: టీనేజ్ పిల్లల కళ్లకు ఫాస్ట్‌ఫుడ్ ఎలా కనిపిస్తుంది?

2025 సెప్టెంబరులో యునిసెఫ్ విడుదల చేసిన నివేదిక ఒకటి చాలా దేశాల్లో పతాక శీర్షికలకు ఎక్కింది. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల వయసు పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్ల శాతం, బరువు తక్కువగా ఉన్నవాళ్ల శాతాన్ని మొదటిసారి దాటిందని అందులో ఉంది. ఊబకాయం 9.4 శాతం, తక్కువ బరువు 9.2 శాతం. అదే నివేదికలో ఇంకో సర్వే ఉంది. దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. 170కి పైగా దేశాల్లో 13 నుంచి 24 ఏళ్ల వయసున్న 64 వేల మందిని అడిగితే, వాళ్లలో 75 శాతం మంది అంతకు ముందు వారంలో తీపి పానీయాలు, చిరుతిళ్లు, ఫాస్ట్‌ఫుడ్ ప్రకటనలు చూశామన్నారు. ఆ ప్రకటనల వల్ల తినాలన్న కోరిక పెరిగిందని 60 శాతం మంది చెప్పారు.

ఇలాంటి లెక్కలు బయటికి వచ్చినప్పుడల్లా ఇంట్లోనూ, బడిలోనూ, టీవీ చర్చల్లోనూ రెండు మాటలే వినబడతాయి. పిల్లలకు తెలియదు కాబట్టి చెప్పాలన్నది ఒకటి. పిల్లలకు అదుపు లేదు కాబట్టి ఆపాలన్నది రెండోది. ఈ రెండింటి మధ్యలో ఒక ప్రశ్న ఎవరూ వేయకుండానే మిగిలిపోతుంది: అసలు ఆ పిల్లలకు ఆ తిండి ఏమని అనిపిస్తుంది? ఈ ప్రశ్న మీద మూడు దశాబ్దాలకు పైగా పరిశోధన జరిగింది. అందులో తేలిన విషయాలు ఆ రెండు మాటల్లో దేనికీ పూర్తిగా సరిపోవు.

ముందు మూడు పేర్లు విడదీయాలి

ఫాస్ట్‌ఫుడ్, జంక్‌ఫుడ్, అల్ట్రా ప్రాసెస్డ్ ఫుడ్. వార్తల్లో ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. నిజానికి ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఫాస్ట్‌ఫుడ్ అన్నది అమ్మే పద్ధతిని బట్టి వచ్చిన పేరు. ముందే సగం సిద్ధం చేసి ఉంచి, అడగ్గానే నిమిషాల్లో చేతికిచ్చే తిండి అది. జంక్‌ఫుడ్ పోషకాలను బట్టి పెట్టిన పేరు: చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువ, పీచూ విటమిన్లూ తక్కువ. అల్ట్రా ప్రాసెస్డ్ అంటే తయారీని బట్టి. బ్రెజిల్‌లోని సావో పౌలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటేరో బృందం 2009 నుంచి అభివృద్ధి చేసిన నోవా వర్గీకరణలో ఇది నాలుగో తరగతి. ఇంటి వంటగదిలో ఎవరూ వాడని రంగులు, రుచికారకాలు, ఎమల్సిఫయర్లు (నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచేవి) కలిపి ఫ్యాక్టరీలో తయారయ్యే పదార్థాలు ఇందులోకి వస్తాయి.

మూడు ఉదాహరణలు తీసుకుందాం. ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్‌లో అమ్మే కోసిన పండ్ల ముక్కలు ఫాస్ట్‌ఫుడ్డే, జంక్ మాత్రం కాదు. ఇంట్లో బంగాళాదుంపలు కోసి నూనెలో వేయించి ఉప్పు దండిగా చల్లితే పోషకాల లెక్కలో అది జంక్ వైపే జరుగుతుంది, అల్ట్రా ప్రాసెస్డ్ మాత్రం కాదు. పొద్దున్నే పాలలో వేసుకునే రంగురంగుల తీపి సీరియల్ ఫాస్ట్‌ఫుడ్ కాదు, దాన్ని జంక్ అనేవాళ్లూ తక్కువే, కానీ అల్ట్రా ప్రాసెస్డ్ జాబితాలో అది ముందు వరసలో ఉంటుంది.

ఈ తేడా మన విషయానికి ఎందుకంటే, టీనేజ్ పిల్లలు ఈ మూడింటిలో ఏ గీతనూ పట్టించుకోరు. వాళ్లు వేసుకునే గీత వేరే చోట ఉంటుంది. దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ఎంత తింటున్నారన్నది కూడా ఒకసారి చూడాలి. అమెరికాలో 2021 ఆగస్టు నుంచి 2023 ఆగస్టు వరకు సేకరించిన ప్రభుత్వ లెక్కల ప్రకారం 12 నుంచి 19 ఏళ్ల వాళ్లకు రోజువారీ క్యాలరీల్లో సగటున 14.6 శాతం ఫాస్ట్‌ఫుడ్ నుంచి వస్తోంది. 2 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో ఇది 8.5 శాతం. రోజుకు 2,000 క్యాలరీలు తినే ఒక కుర్రాణ్ణి ఊహించుకుంటే, వారానికి 14,000 క్యాలరీల్లో సుమారు 2,040 ఫాస్ట్‌ఫుడ్‌వి. మామూలు భోజనాల లెక్కలో చెప్పాలంటే వారానికి రెండు మూడు పూటలు. మిగిలిన పద్దెనిమిది పందొమ్మిది పూటలూ వాడు వేరే తిండే తింటున్నాడు. సగటు సగటే. కొందరు ఇంతకు రెట్టింపు తింటారు, కొందరు అసలు ముట్టరు. అయినా చిన్నతనం నుంచి టీనేజ్‌లోకి వచ్చేసరికి ఆ వాటా అంతగా పెరగడం గమనించాల్సిన సంగతి. ఆ మధ్యలో మారింది తిండి ఒక్కటే కాదు, తిండిని ఎంచుకునే చెయ్యి కూడా మారింది.

తెలియక తింటున్నారా?

చెడ్డదని తెలుసు. ఈ ఒక్క విషయంలో దేశాలకు అతీతంగా పరిశోధనలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి. ఏది ఆరోగ్యకరం, ఏది కాదు అని అడిగితే పదమూడేళ్ల పిల్లలు తడుముకోకుండా చెబుతారు. బడి పాఠం వాళ్లకు కంఠతా వచ్చు.

1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో డయాన్ న్యూమార్క్-స్టైనర్ బృందం అమెరికాలోని మిన్నెసోటాలో 141 మంది విద్యార్థులను చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించింది. ఏం తినాలో దేన్ని బట్టి నిర్ణయించుకుంటారని అడిగితే ముందుగా వచ్చిన జవాబులు ఆకలి, నోరూరడం, చూడ్డానికి బాగుండడం, సమయం, సౌకర్యం. ఆరోగ్యం జాబితాలో ఉంది కానీ పైన లేదు. ఇప్పుడే పట్టించుకోవలసినంత తొందర వాళ్లకు కనబడలేదు. పద్నాలుగేళ్ల పిల్లకు నలభై ఏళ్ల తర్వాత వచ్చే గుండెజబ్బు ఎవరికో జరిగే కథలాగే ఉంటుంది. రేపటి పరీక్ష, ఇవాళ మాట్లాడని స్నేహితురాలు అలా ఉండరు.

ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన భాగం చివర ఉంది. మీలాంటివాళ్లు ఇంకాస్త మంచి తిండి తినాలంటే ఏం చేయాలని అడిగినప్పుడు ఆ పిల్లలు ఇచ్చిన సూచనల్లో, మంచి తిండిని రుచిగా, చూడముచ్చటగా చేయమనడంతోపాటు, చెడ్డ తిండి అందుబాటును తగ్గించమన్నది కూడా ఉంది. స్వేచ్ఛ కావాలని పోరాడే వయసు అని మనం అనుకునే వయసులోనే ఆ మాట అన్నారు. తమ బలహీనత ఎక్కడుందో వాళ్లకూ తెలుసు.

అయితే "తెలుసు" అన్న మాటకు ఒక హద్దుంది. ఏది చెడ్డదో తెలియడం వేరు, ఎంత అన్నది తెలియడం వేరు. 2013లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అమెరికా ఈశాన్య ప్రాంతంలోని 89 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లలో తినడానికి వచ్చినవాళ్ల బిల్లులు తీసుకుని, మీ భోజనంలో ఎన్ని క్యాలరీలు ఉంటాయనుకుంటున్నారని అడిగింది. టీనేజ్ పిల్లల భోజనంలో సగటున 756 క్యాలరీలున్నాయి. వాళ్లు వేసిన అంచనా దానికంటే సగటున 259 తక్కువ. అంటే చేతిలో 756 పట్టుకుని సుమారు 500 అనుకుంటున్నారన్నమాట. పెద్దవాళ్లూ తక్కువే చెప్పారు కానీ వాళ్ల తేడా 175 దగ్గర ఆగింది. ఆరోగ్యకరమని పేరున్న శాండ్‌విచ్ గొలుసు (చెయిన్) దుకాణంలో తిన్నవాళ్ల అంచనాలైతే బర్గర్ దుకాణంలో తిన్నవాళ్లకంటే ఇంకా ఎక్కువగా తప్పాయి. మంచి పేరు ఉన్నచోట లెక్క మరీ సడలిపోతుంది.

అలాగైతే అంకె ముందే రాసిపెడితే సరిపోతుందా? న్యూయార్క్ నగరం 2008లో గొలుసు రెస్టారెంట్ల మెనూ బోర్డుల మీద క్యాలరీలు రాయించింది. ఆ మార్పుకు ముందూ తర్వాతా పిల్లలు, టీనేజర్ల కొనుగోళ్లను పోల్చి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ అంకెలను గమనించినవాళ్లు చాలామందే ఉన్నా కొన్న క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎంపికకు కారణం అడిగితే ఎక్కువమంది చెప్పింది రుచి. కళ్లు అంకెను చూశాయి, చెయ్యి అలవాటైన వైపే వెళ్లింది.

ఇంటి తిండి, స్నేహితుల తిండి

ఇందాక చెప్పిన గీత ఇక్కడుంది.

1993లో గ్వెన్ చాప్‌మన్, హెదర్ మాక్లీన్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో 11 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 93 మందితో మాట్లాడారు. పోషకాహార పరీక్షలాంటి ప్రశ్నలు పక్కనపెట్టి, ఏ తిండి దేన్ని గుర్తు చేస్తుందో తెలుసుకున్నారు. జంక్‌ఫుడ్ అనగానే ఆ అమ్మాయిల మాటల్లో వచ్చినవి స్నేహితులు, సరదా, ఇంటికి దూరంగా ఉండడం, ఎవరి మీదా ఆధారపడకపోవడం, దాంతోపాటే బరువు పెరగడం, తప్పు చేశామన్న భావన. ఆరోగ్యకరమైన తిండి అనగానే వచ్చినవి కుటుంబం, వేళకు భోజనం, ఇల్లు.

అంటే వాళ్ల మనసులో గీత చక్కెర, కొవ్వుల మధ్య లేదు. అమ్మానాన్నలతో తినే తిండికీ తోటివాళ్లతో తినే తిండికీ మధ్య ఉంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి. టీనేజ్ అంటే ఇంటి నుంచి ఒక్కో అడుగు బయటికి వేయడం నేర్చుకునే కాలం. బట్టలు, జుట్టు, పాటలు, ఫోన్ అన్నీ ఆ అడుగుల్లో భాగాలే. తిండికి వాటిలో ప్రత్యేకమైన చోటుంది. రోజుకు నాలుగైదుసార్లు, తక్కువ డబ్బుతో, పెద్దవాళ్ల సంతకం లేకుండా తీసుకోగల నిర్ణయం అదొక్కటే. కాలేజీ, ఇల్లు, నిద్రపోయే వేళ ఇంకొకరు నిర్ణయించే వయసులో, మెనూ బోర్డు ముందు నిలబడి "ఇది" అని వేలు చూపించడం చిన్న విషయం కాదు.

దీనికి తోడు చోటు సంగతి ఉంది. టీనేజ్ పిల్లలు గుంపుగా ఎక్కడ కూర్చోగలరు? పార్కులో ఎక్కువసేపు ఉంటే అనుమానంగా చూస్తారు. ఒకరింటికి వెళితే వాళ్ల పెద్దవాళ్లు వింటుంటారు. ఖరీదైన హోటల్ వాళ్ల స్థోమతలో లేదు. ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో వెలుతురుంటుంది, బయటివాళ్లు కనబడతారు, ఒక ప్యాకెట్ వేపుడు కొని నలుగురు గంటసేపు కూర్చుంటే ఎవరూ పెద్దగా ఏమీ అనరు. చాలామందికి అక్కడ కొనుక్కునేది కూర్చునే హక్కు. ఆ తిండి దాని అద్దె. పోషకాహార చార్టు పట్టుకుని "ఇందులో ఏముంది?" అని అడిగే పెద్దవాళ్లకు ఈ భాగం కనబడే అవకాశమే లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కెనడా అధ్యయనంలో సరదా పక్కనే తప్పు చేశామన్న భావన కూడా ఉంది. ఈ రెండూ ఒకే అమ్మాయి నోట, ఒకే తిండి గురించి వస్తాయి. "ఇష్టమా, కాదా?" అని ఒకే గడి పెట్టే సర్వే ఈ రెంటినీ కలిపి నలిపేస్తుంది. టీనేజ్ పిల్లలకు ఫాస్ట్‌ఫుడ్ అంటే ఇష్టమని తేల్చే అధ్యయనాలు, భయమని తేల్చే అధ్యయనాలు రెండూ కనబడడానికి ఇదొక కారణం. రెండూ నిజమే కావచ్చు.

"అందరూ తింటున్నారు" అనే లెక్క

ఐదుగురు స్నేహితులు క్లాసు అయ్యాక బయటికి వచ్చారనుకుందాం. ఇద్దరికి నిజంగానే బర్గర్ తినాలనుంది. మిగతా ముగ్గురికి పెద్దగా ఆకలి లేదు, ఏదైనా పర్లేదు. కానీ ఆ ముగ్గురిలో ప్రతి ఒక్కరూ "మిగతా నలుగురికీ కావాలి, నేనే అడ్డమెందుకు" అనుకుంటారు. ఐదు బర్గర్లు వస్తాయి. మరుసటి రోజు ఆ ముగ్గురి జ్ఞాపకంలో మిగిలేది ఏమిటి? "మా వాళ్లందరికీ బర్గర్ అంటే ప్రాణం." బయటి నుంచి లెక్కపెట్టేవాళ్లకు కూడా ఐదుగురు అభిమానులే కనబడతారు. నిజంగా ఉన్నది ఇద్దరు.

ఇది ఊహించిన ఉదాహరణే అయినా దీని వెనకున్న పొరపాటు మాత్రం కొలిచి చూసిందే. బ్రిటన్‌లో 16 నుంచి 19 ఏళ్ల విద్యార్థులను అడిగి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తమ తోటివాళ్లు చిరుతిళ్లు, తీపి పానీయాలు ఎంత తీసుకుంటారన్న ప్రశ్నకు వాళ్లు అసలు కంటే ఎక్కువ చెప్పారు. పండ్లు, కూరగాయల విషయంలో అసలు కంటే తక్కువ చెప్పారు. గుంపులో తినేది కళ్లకు కనబడుతుంది. ఇంట్లో ఒంటరిగా తినే అరటిపండును ఎవరూ చూడరు, ఎవరూ ఫొటో తీసి పెట్టరు.

మరైన్ స్టాక్ బృందం నెదర్లాండ్స్‌లో చేసిన ఇంకో ప్రయోగం దీనికి పొడిగింపులాంటిది. కొందరు హైస్కూల్ విద్యార్థులకు "మీలాంటి విద్యార్థుల్లో ఎక్కువమంది తగినన్ని పండ్లు తినడానికి ప్రయత్నిస్తున్నారు" అని చెప్పారు. ఇంకొందరికి "పండ్లు తగినన్ని తినాలని మీలాంటి విద్యార్థుల్లో ఎక్కువమంది అభిప్రాయం" అని చెప్పారు. మొదటి మాట విన్నవాళ్లు తర్వాతి రోజుల్లో పండ్లు ఎక్కువ తిన్నారు. రెండో మాట విన్నవాళ్లలో తినాలన్న ఉద్దేశమే తగ్గింది. రెండు వాక్యాల మధ్య తేడా "తింటున్నారు", "తినాలి" అన్నంతే. ఆ "తినాలి"కి ఈ వయసులో ఎంత బరువుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రకటన అని తెలిసినా పనిచేస్తుంది

చిన్నపిల్లలకు ప్రకటన అంటే ఏమిటో సరిగ్గా తెలియదు, కాబట్టి వాళ్లను కాపాడాలి. టీనేజర్లకు తెలుసు, కాబట్టి వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. చాలా దేశాల నియమాలు ఈ తర్కం మీదే నిలబడ్డాయి. మొదటి సగంలో తప్పు లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో థామస్ రాబిన్సన్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 63 మందికి ఒకే రకం తిండిని రెండు పొట్లాల్లో ఇచ్చారు. ఒకటి సాదా కాగితం, రెండోది మెక్‌డొనాల్డ్స్ కాగితం. మెక్‌డొనాల్డ్స్ పొట్లంలోదే రుచిగా ఉందన్నవాళ్లు ఎక్కువ. ఆ దుకాణంలో అప్పటికి అమ్మని క్యారెట్ల విషయంలో కూడా అంతే. టీనేజ్‌లోకి అడుగుపెట్టేసరికి ఆ ముద్ర పడి దాదాపు పదేళ్లవుతుంది.

తర్కంలోని రెండో సగమే నిలబడదు. ఇది ప్రకటన, నా చేత కొనిపించడానికి చేశారు అని తెలిసినంత మాత్రాన అది పనిచేయడం ఆగదు. ఐర్లండ్‌లో 13, 14 ఏళ్ల పిల్లలు 151 మందికి సోషల్ మీడియా ఫీడ్‌లాంటిది తయారుచేసి చూపించిన అధ్యయనం 2020లో వచ్చింది. వాళ్లు పోషకాలు తక్కువున్న తిండి ప్రకటనలను ఎక్కువసేపు చూశారు, ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు, షేర్ చేయడానికి ఎక్కువ మొగ్గారు. ఇంతవరకు ఊహించగలిగిందే. దాని తర్వాతి భాగం మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది: తోటివాళ్ల ఫీడ్‌లో అలాంటి తిండి పోస్టులుంటే, ఆ తోటివాళ్ల మీద వాళ్లకు మంచి అభిప్రాయం కలిగింది. తిండి ప్రకటన అమ్మింది తిండిని మాత్రమే కాదు, దాన్ని పోస్ట్ చేసిన మనిషికి ఒక మెట్టు ఎత్తు కూడా ఇచ్చింది.

పాత టీవీ ప్రకటనకూ దీనికీ అసలు తేడా అదే. టీవీలో కంపెనీ మాట్లాడేది, పిల్లలు వినేవాళ్లు. ఇప్పుడు కంపెనీ మాటను స్నేహితులే మోస్తున్నారు. అది ప్రకటనో, స్నేహితుడి సరదానో విడదీసి చూడడం పెద్దవాళ్లకే కష్టం.

మెదడు వాదన ఎంతవరకు?

ఈ విషయం మీద రాసే వ్యాసాల్లో మెదడు తప్పకుండా వస్తుంది. వాదన ఇది: బహుమతికి స్పందించే భాగాలు టీనేజ్‌లో చురుగ్గా ఉంటాయి, ముందూవెనకా ఆలోచించి ఆపే ముందుభాగం ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. అందుకే నోరూరించేది కనబడితే ఆగలేరు. తోటివాళ్లు పక్కనుంటే ఈ తేడా ఇంకా పెరుగుతుందని చూపించిన ప్రయోగం కూడా ఉంది. మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ఆ ప్రయోగంలో, కారు నడిపే కంప్యూటర్ ఆటలో స్నేహితులు చూస్తున్నప్పుడు టీనేజర్లు ఎక్కువ సాహసం చేశారు. పెద్దవాళ్లలో ఆ మార్పు కనబడలేదు.

అయితే ఆ ఆటలోలాగా ఎర్రలైటు దగ్గర ఆగాలా వద్దా అన్నది క్షణంలో తేలిపోయే ప్రమాదం. ఫాస్ట్‌ఫుడ్ హాని ఏళ్ల తరబడి పేరుకునేది. ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అతికించేముందు కాస్త ఆగాలి. పైగా మెదడే కారణమైతే ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఈ వయసువాళ్లు ఒకేలా తినాలి. అలా తినడం లేదు. ఆ మెదడు ముందు ఏం పెట్టారన్నదాన్ని బట్టి తిండి మారుతోంది. రుచి, మెత్తదనం, నమిలే పని లేకపోవడం పెద్దవాళ్లను కూడా లొంగదీస్తాయి. 2019లో కెవిన్ హాల్ బృందం 20 మంది వయోజనులకు రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు అలా కాని తిండి కావలసినంత పెట్టి చూసింది. మొదటి రకం తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. వాళ్లంతా వయోజనులే.

ఎదురుతిరిగే గుణాన్నే పనిలో పెడితే

ఆరోగ్యం దూరం, స్వేచ్ఛ దగ్గర. ఈ సంగతినే ఆధారం చేసుకుని క్రిస్టొఫర్ బ్రయాన్, డేవిడ్ యేగర్ బృందం టెక్సస్‌లో ఎనిమిదో తరగతి పిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. కొందరికి మామూలు ఆరోగ్య పాఠం చెప్పారు. ఇంకొందరికి ఆహార కంపెనీల తెరవెనక వ్యవహారం చదవడానికిచ్చారు: ఆగకుండా తినేలా పదార్థాలను ఎలా తీర్చిదిద్దుతారు, చిన్నపిల్లలనూ పేదలనూ గురిచూసి ఎలా అమ్ముతారు అని. ఆరోగ్యంగా తినడం అనేది పెద్దవాళ్ల మాట వినడంగా కాకుండా, తమను ఆడిస్తున్న పెద్దవాళ్లకు ఎదురుతిరగడంగా అక్కడ కనబడింది. మరునాడు వేరే సందర్భంలో చిరుతిళ్లు ఎంచుకోమంటే రెండో జట్టు మెరుగైనవి ఎంచుకుంది. అది 2016 ఫలితం. 2019లో వచ్చిన రెండో అధ్యయనంలో పిల్లల చేత ప్రకటనల మీద గీతలు గీయించి, వాటిని నిజం చెప్పేలా మార్పించారు కూడా. ఆ తర్వాత మూడు నెలల పాటు స్కూల్ క్యాంటీన్‌లో అబ్బాయిలు కొన్న అనారోగ్యకర పానీయాలు, చిరుతిళ్లు మామూలు పాఠం విన్నవాళ్లతో పోలిస్తే 31 శాతం తగ్గాయి.

చిన్న పాఠంతో మూడు నెలలు నిలిచిన మార్పు ఈ రంగంలో అరుదు. అయినా దీన్ని మంత్రదండంగా చూపించేవాళ్లు రెండు విషయాలు వదిలేస్తున్నారు. ఒకటి, అమ్మాయిల కొనుగోళ్లలో రెండు పద్ధతుల మధ్య తేడా అంత స్పష్టంగా రాలేదు. రెండు, కొలిచింది స్కూల్ లోపలి క్యాంటీన్‌ను. స్నేహితులతో కూర్చునే దుకాణాన్ని కాదు. ఇందాక చెప్పుకున్న చోటు సమస్య, గుంపు సమస్య అక్కడే ఉండిపోయాయి.

అమ్మాయిల విషయంలో ఆ పరిశోధకులు ఇంకో మాట అన్నారు. దాన్ని నేను బలంగా నమ్ముతాను. మామూలు ఆరోగ్య పాఠం శరీరం మీద సిగ్గు పుట్టించే ప్రమాదం ఉంది. "తింటే లావైపోతావు" అన్న మాట తిండిని ఆపినా ఆపకపోయినా, ఆ పిల్ల అద్దం ముందు నిలబడే తీరును మాత్రం మారుస్తుంది. తిండిని మంచిది, చెడ్డది అని రెండు గదుల్లో పెట్టి మాట్లాడడం వల్ల తినే రుగ్మతల వైపు జారే పిల్లలకు హాని జరుగుతుందని వైద్యుల్లో ఒక వర్గం చాలాకాలంగా చెబుతోంది. ఊబకాయం మీద పనిచేసేవాళ్లు దీనికి జవాబుగా, భయపెట్టకుండా కూడా నిజం చెప్పొచ్చు, మౌనంగా ఉండడం పరిష్కారం కాదు అంటారు. ఈ రెండు వైపులవాళ్లూ ఒకే పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే మాట్లాడుతున్నారు.

ఎంపికా, పరిసరాలా?

విధానాల దగ్గరికి వచ్చేసరికి వాదన రెండుగా చీలుతుంది. ఎంచుకునేది మనిషి, కాబట్టి మనిషిని మార్చాలనేది ఒక వైపు. ఎంపికను నిర్ణయించేది చుట్టూ ఉన్నది, కాబట్టి దాన్ని మార్చాలనేది ఇంకో వైపు.

రెండో వైపుకు బలమిచ్చే అధ్యయనం 2010లో జానెట్ కరీ బృందం ప్రచురించింది. కాలిఫోర్నియాలో తొమ్మిదో తరగతి పిల్లల లెక్కలు చూస్తే, బడికి 0.1 మైలు లోపు, అంటే సుమారు 160 మీటర్ల లోపు ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంటు ఉన్నచోట ఊబకాయం రేటు 5.2 శాతం ఎక్కువగా ఉంది. పావు మైలు దూరం వెళ్లేసరికి ఆ ప్రభావం కనబడలేదు. ఐదు నిమిషాల నడక కోరికను ఆపేసిందంటే, ఆ కోరిక మనం అనుకున్నంత గట్టిది కాదు. ఎదురుగా ఉంది కాబట్టి తిన్నారు.

అలాగని దుకాణాలు ఆపితే అంతా సర్దుకుంటుందా అంటే, లాస్ ఏంజెలిస్ అనుభవం వేరే చెబుతోంది. ఆ నగరం దక్షిణ భాగంలో 2008లో కొత్త ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్ల మీద ఆంక్ష పెట్టారు. 2015లో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఆ ప్రాంతంలో ఊబకాయం తగ్గలేదు, పెరుగుతూనే వచ్చింది. అప్పటికే ఉన్న దుకాణాలు అలాగే ఉన్నాయి, ఆంక్ష కొత్తవాటికే. పాత అలవాటును కదిలించకుండా కొత్త తలుపు మూసినట్టయింది. దక్షిణ కొరియా 2009 నుంచి ఇంకో దారి పట్టింది. బడి చుట్టూ 200 మీటర్ల పరిధిని ప్రత్యేక మండలంగా గుర్తించి, అందులో ఏమి అమ్మాలన్నదాని మీద నిఘా పెట్టింది.

ప్రకటనల విషయంలో బ్రిటన్ 2026 జనవరి 5 నుంచి తక్కువ ఆరోగ్యకరమైన తిండి ప్రకటనలను టీవీలో రాత్రి 9 గంటల లోపు, ఆన్‌లైన్‌లో డబ్బిచ్చి వేయించేవాటిని అన్ని వేళలా నిషేధించింది. పదార్థం చూపించకుండా బ్రాండ్ పేరు మాత్రమే చూపించే ప్రకటనకు మినహాయింపు ఉంది. స్నేహితుడు తనంతట తాను పెట్టే పోస్టు ఎలాగూ ఏ చట్టం కిందికీ రాదు.

చిలీ 2016 జూన్‌లో అమల్లోకి తెచ్చిన చట్టం ఇంకా లోతుగా వెళ్లింది. ప్యాకెట్ల మీద చక్కెర, ఉప్పు, కొవ్వు లాంటివి ఎక్కువని హెచ్చరించే నల్లని అష్టభుజి గుర్తులు, పిల్లల కోసం చేసే ప్రచారం మీద నిషేధం, బడుల్లో అమ్మకం మీద నిషేధం. ఆ చట్టం గురించి తల్లులతో మాట్లాడి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఒక వింత తేడా బయటపడింది. చిన్నపిల్లలు ఆ గుర్తులను ఉత్సాహంగా పట్టుకుని, ఇది కొనొద్దని తల్లులకే చెబుతున్నారు. టీనేజ్ పిల్లలకు వాటి మీద అంత ఆసక్తి లేదు. చట్టం ప్రచారాన్ని ఆపింది కూడా 14 ఏళ్ల లోపు వాళ్లను గురిచూసేదాన్నే.

వయసు గీత చాలా చోట్ల అక్కడే పడుతోంది. కంపెనీలు స్వచ్ఛందంగా ఇచ్చిన హామీల్లో ఐరోపాలోనూ అమెరికాలోనూ అది మొదట 12 ఏళ్లు, ఈమధ్య 13. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం అన్ని వయసుల పిల్లలనూ కలుపుకోవాలన్నాయి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో బాలలంటే 18 ఏళ్ల లోపు వాళ్లు. 13కీ 18కీ మధ్యనున్న ఆ ఐదేళ్లు చూడండి. మొదటిసారి సొంత డబ్బు చేతిలో పడేది, మొదటిసారి సొంత ఫోన్ ఉండేది, మొదటిసారి పెద్దవాళ్లు లేకుండా స్నేహితులతో కూర్చునేది ఆ ఐదేళ్లలోనే. ఎక్కువ నియమాలు వాళ్లను వదిలేసేది కూడా అప్పుడే.